సీలు విప్పని పెట్టెలు

"కార్డు ఇవ్వు."

"ఇవ్వను."

"పది నిమిషాల పని. ఒక సంతకం, ఒక వేలిముద్ర. అయిపోతుంది."

"నా పీక మీద కత్తి పెట్టినా ఇవ్వను."

ఛాంపియన్ చేతిలోని అప్పు ఫారాన్ని భోజనాల బల్ల మీద పరిచాడు. బల్ల అంటే బల్ల కాదు. రెండు వాషింగ్ మెషిన్ పెట్టెలు పక్కపక్కన నిలబెట్టి, పైన దుప్పటి కప్పారు. పెట్టెలు పెట్టడానికి చోటు లేక అసలు బల్లను ఎప్పుడో అమ్మేశారు. ఈ పెట్టెల ఎత్తుకి కుర్చీలు సరిపోవు. అందుకని మూడు వారాలుగా ఆ ఇంట్లో అందరూ నిలబడే తింటున్నారు.

నర్సమ్మ కూతురు చిట్టి గది గుమ్మానికి అడ్డంగా నిలబడింది. నిజానికి ఆమె నర్సు కాదు. రక్తపరీక్షల ల్యాబ్‌లో సూది గుచ్చి రక్తం తీసే ఉద్యోగం. వీధి వీధంతా నర్సమ్మా అని పిలుస్తుంటే కాదనే ఓపిక లేక ఊరుకుంది. కూతురి గుర్తింపు కార్డు ఆమె పిడికిట్లో ఉంది. దాని అంచులు అరచేతిలో దిగబడుతున్నాయి.

"ఇవాళ ముప్ఫయ్యో తారీఖు. ఎనిమిదింటికి షోరూంలో లెక్క మూసేస్తారు. నలభై అమ్మాలి, ముప్ఫై తొమ్మిది అయ్యాయి. ముప్ఫై తొమ్మిది అమ్మినవాడు ఒక్కదాని దగ్గర చావాలా?"

"ముప్ఫై తొమ్మిది అమ్మారా? అందులో మూడు ఇదిగో, మీ మోచేతుల కింద ఉన్నాయి."

రెండు పెట్టెలే అతని మోచేతుల కింద ఉన్నాయి. మూడోది చిట్టి గదిలో కిటికీకి అడ్డంగా ఉంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"మీరు చెప్పండి. పోయిన నెల ముప్ఫై ఆరు చేశారు కనుక ఈ నెల నలభై అన్నారు. ఆ ముప్ఫై ఆరులో మనం కొన్నవి తీసేస్తే ముప్ఫై రెండు. ముప్ఫై రెండే అని ఒప్పుకునుంటే నలభై అని ఎవడనేవాడు?"

"ముప్ఫై రెండంటే ఇంటికి పో అనేవాడు."

"పోవాల్సింది! గుమ్మం ముందు బజ్జీలేసుకుని బతికేవాళ్లం."

"బజ్జీలు కూడా నెలనెలా పదిశాతం పెంచమంటారు, చూస్తూ ఉండు."

ఆ మాటకి గదిలోంచి చిట్టి కిసుక్కున నవ్వింది. వెంటనే ఆపుకుంది.

"అన్నీ నా నెత్తినే రుద్దుతావేం?" ఛాంపియన్ గొంతు తగ్గించాడు. "మొదటిది కొందామన్నది ఎవరు?"

ఏడు నెలల కిందట, ఇలాగే నెలాఖరున, అతను తల పట్టుకుని కూర్చుంటే ఆమే అంది. 'ఒక్కటేగా తక్కువ, మన ఫ్రిజ్ ఎలాగూ పాతబడింది, మనమే కొనేద్దాం' అని. ఆ నెల అతని ఫొటోను షోరూం గోడకి తగిలించారు. మెడలో దండేసి ఛాంపియన్ అన్నారు. ఆ రోజు ఆమె కూడా చప్పట్లు కొట్టింది. అప్పట్నుంచి ఆమె పేరు మీద అయిదు, ఆమె తండ్రి పేరు మీద నాలుగు, అతని పేరు మీద అయిదు. ఇప్పుడు ఆ మూడు పేర్లలో ఏది కొట్టినా అప్పు కుదరదని కంప్యూటర్ ఎర్రగా చూస్తోంది.

చిట్టి తల దువ్వుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. తల్లి భుజం మీదుగా తండ్రిని చూసింది.

"పద్దెనిమిది నిండిన రోజున అందరికంటే ముందు నాకు శుభాకాంక్షలు చెప్పింది ఎవరో తెలుసా అమ్మా? అప్పులిచ్చే కంపెనీ. తెల్లారకుండానే మెసేజ్ పెట్టారు. అభినందనలు, ఇప్పుడు మీరు అర్హులు అని. నువ్వు నిద్ర లేచేసరికే నేను అర్హురాలినైపోయాను."

"నువ్వు కాలేజీకి పో."

"నా పేరు మీద ఒక్కటేగా. పెడితే ఏమవుతుంది?"

"మా పేర్ల మీద కూడా ఒక్కటే అనుకున్నాం!" నర్సమ్మ కార్డున్న పిడికిలిని వెనక్కి దాచుకుంది. "ఈ ఇంట్లో అప్పు అంటని పేరు నీదొక్కటే మిగిలింది. నాలుగు రోజులే అయింది దానికి ప్రాణం వచ్చి. దాన్ని కూడా తినెయ్యనివ్వను. మీ నాన్న కాదు కదా, పైనించి ఎవడు దిగొచ్చినా సరే."

బాల్కనీలోంచి స్క్రూడ్రైవర్ తిప్పుతున్న చప్పుడొక్కటే వినిపించింది.

ఛాంపియన్ ఫారాన్ని తీసుకున్నాడు. మడత మీద మడత వేశాడు. అరచేతిలో పట్టేంత చిన్నదయ్యాక జేబులో పెట్టుకున్నాడు.

"సరే. దాని పేరు జోలికి రాను. ఒట్టు."

కొక్కేనికి వేలాడుతున్న నీలం చొక్కా వేసుకున్నాడు. ఛాతీ మీద బిళ్ల సరిచేసుకున్నాడు. కూతురి తల మీద చెయ్యి పెట్టి ఒక్క క్షణం ఆగి, చెప్పులేసుకుని మెట్లు దిగిపోయాడు. తలుపు చప్పుడు కూడా చేయలేదు.

నెగ్గినప్పుడు గుండె తేలికపడాలి. నర్సమ్మకి అలా అనిపించలేదు. పదహారేళ్లుగా సూది పట్టుకున్న మనిషి ఆమె. సూది చూసి కేకలు పెట్టేవాళ్లతో ఎప్పుడూ భయం లేదు. కిక్కురుమనకుండా చెయ్యి చాపేవాళ్లే కళ్లు తిరిగి కిందపడతారు.

*

చిట్టి కూడా పుస్తకాలు తీసుకుని వెళ్లిపోయింది. నర్సమ్మకి ఆ రోజు మధ్యాహ్నం డ్యూటీ. టీ రెండు గ్లాసుల్లో పోసుకుని బాల్కనీలోకి వచ్చింది.

ఆమె తండ్రి మిక్సీ మోటారు విప్పి కాగితం మీద పరుచుకుని కూర్చున్నాడు. ఒకప్పుడు ఆయన దగ్గర బాగుచేయించుకోవడానికి మెట్ల మీద జనం కూర్చునేవాళ్లు. ఇప్పుడు నెలకి ఒకటో రెండో వస్తాయి. పాతది తెస్తే కొత్తదాని మీద తగ్గిస్తామని షోరూములు మొదలుపెట్టాక, నడుస్తున్నవాటిని కూడా జనం వదిలించుకుంటున్నారు.

"అల్లుడుగారు నెమ్మదిగా వెళ్లారేమిటే?"

"అదే నాకూ అర్థం కావట్లేదు నాన్నా."

ఫోన్ మోగింది. తెలియని నంబరు.

"హలో, సీలు విప్పని వాషింగ్ మెషిన్ ఉందటగా, సగం రేటుకి?"

"సగానికి రాదండీ. డెబ్బై శాతం. బిల్లూ గ్యారంటీ అన్నీ ఉన్నాయి. పెద్ద సైజు, ముందు తలుపుది."

వాయిదాలు కట్టడానికి వాళ్లు కనిపెట్టిన దారి ఇది. కొన్న పెట్టెను విప్పకుండానే తక్కువకి అమ్మి, ఆ డబ్బుతో అందరి పేర్ల మీది వాయిదాలు కట్టడం. ఉద్యోగి బయట అమ్మితే తప్పు కనుక ఆమె నంబరు ఇస్తున్నారు. పద్నాలుగు పెట్టెల్లో ఇప్పటికి తొమ్మిది అలా వెళ్లిపోయాయి. అయిదో తారీఖు వాయిదా కట్టాలంటే పదోది ఇవాళ వెళ్లాలి.

"రంగేమిటండీ?"

"బూడిద రంగు."

"మా ఆవిడ కళ్లతో చూడందే కొనదు. మధ్యాహ్నం షోరూంకి వెళ్లి ఆ మోడల్ చూపించుకుని మళ్లీ చేస్తానండీ."

"షోరూంలో చూసుకుని చేస్తారట," అంటూ ఫోన్ పెట్టేసింది. తండ్రి కళ్లజోడు పైనుంచి చూస్తున్నాడు.

"ఎవరమ్మా, అల్లుడుగారి షోరూంలో చూసొచ్చి మన దగ్గర కొంటారా?"

"అవును."

"పాతవి తొమ్మిది కూడా ఇంతేనా?"

ఆమె టీ గ్లాసు నోటిదాకా తీసుకెళ్లి ఆపింది.

"ఆ తొమ్మిదిమందీ అల్లుడుగారి దగ్గర కొనాల్సినవాళ్లేనే," అన్నాడు ముసలాయన. "అక్కడ తక్కువైందని మనం కొన్నాం. మనం కొన్నది తక్కువకి అమ్మాం. అందుకని అక్కడ ఇంకా తక్కువైంది. నీ మొగుడికి అడ్డం వచ్చిన వేరే దుకాణం ఏదీ లేదు తల్లీ. ఈ హాలే."

నర్సమ్మ హాల్లోకి తిరిగి చూసింది. పెట్టెల మీద నవ్వుతున్న కుటుంబాల బొమ్మలున్నాయి. తల్లి, తండ్రి, ఒక పాప.

"పోనీ నాన్నా, ఆ ఉద్యోగమే మానేస్తే? నలభై లేదు, నాలుగొందలు లేదు. ఏ మందుల షాపులోనో..."

తండ్రి స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు. లేచి లోపలికి వెళ్లి, తన పేరు మీద తీసుకున్న టీవీ కాగితాలు తెచ్చాడు. సన్నటి తీగలు చూసుకునే భూతద్దం కాగితం మీద పెట్టాడు.

"ఆ రోజు సంతకం పెట్టమంటే పెట్టాను. మొన్న కరెంటు పోయినప్పుడు ఏమీ తోచక చదివాను. నీతో చెబుదామనుకుంటూనే ఉన్నా. ఇదిగో, ఇక్కడ."

అక్షరాలు చీమల్లా ఉన్నాయి. ఆమె పైకి చదివింది.

"ఉద్యోగి ఏ కారణం చేతనైనా సంస్థను విడిచిన పక్షంలో, అతని కుటుంబ సభ్యులందరి పేరిట ఉన్న బాకీ మొత్తాన్ని అదే రోజున చెల్లించవలెను."

అదే రోజున. ఆమె ఆ రెండు మాటల్ని మళ్లీ చదివింది. పొద్దున్న కూతురి తల మీద చెయ్యి పెట్టి ఆగిన మనిషి కళ్ల ముందు కదిలాడు.

"నాన్నా, ఆయనకి ఈ సంగతి తెలుసా?"

"అమ్మేవాడు చదువుతాడా తల్లీ? చదివితే అమ్మగలడా?"

భర్తకి ఫోన్ చేసింది. స్విచాఫ్. మళ్లీ చేసింది. స్విచాఫ్. సంచీ భుజాన వేసుకుని ఒక్కో అంగలో రెండేసి మెట్లు దిగింది.

*

షోరూంలో చలి ఎముకలు కొరుకుతోంది. ఒక గోడ నిండా టీవీలు. అన్నిటిలోనూ ఒకే జలపాతం, చప్పుడు లేకుండా పడుతోంది.

మేనేజరు ఆమెని చూడగానే లేచి నిలబడ్డాడు. నలభై దాటని మనిషి, కళ్ల కింద అరవై ఏళ్ల సంచులు.

"ఆయన ఎక్కడండీ?"

"కూర్చోండమ్మా."

"రాజీనామా ఇచ్చారా?"

అతను తలూపాడు. "పదీ ముప్ఫై అయిదుకి."

"తీసుకోకండి. చించేయండి. కోపంలో ఇచ్చుంటారు."

"కాగితమైతే చించేసేవాణ్ణే. కంప్యూటర్లో ఆయనే ఎక్కించేశారు. ఛాంపియన్ కదమ్మా, ఏ పనీ సగంలో వదలరు." నవ్వబోయి మానేశాడు. "ఎక్కించాక అందులో మొత్తం బాకీ తేలింది. అది చూసి ఆయన లేచిపోయారు. వెనకాల గోడౌన్‌లో కూర్చున్నారు. రమ్మంటే రావట్లేదు."

నర్సమ్మ కుర్చీ పట్టుకుంది. "మీరు పెద్దమనసు చేసుకుంటే ఆగుతుంది. ఒక్క నెల. ఒక్కటేగా తక్కువ."

"మీ ఇంట్లో ఎన్ని పెట్టెలున్నాయమ్మా?"

ఆమె అయిదు వేళ్లు చూపించింది.

"మా ఇంట్లో పదకొండు. మా ఆవిడ రెండు ఫ్రిజ్ పెట్టెల మధ్య పడుకుంటుంది. ఏసీ పెట్టెని పూజ చేసుకునే బల్ల చేసింది." చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడుతున్నాడు, పైన కెమెరాలో పెదాలు కనిపించకుండా. "మీ ఆయనకి నలభై. నాకు నాలుగొందలు. నా పైవాడికి నాలుగు వేలు. ఆ పైవాణ్ణి నేనూ చూడలేదు. ఆయన గోడ మీద అమ్మకాల గీత ఒకటి ఉంటుందట. అది ఎక్కుతూనే ఉండాలి. ఉన్నచోట నిలబడ్డా పడిపోయినట్టే లెక్క. నేను పెద్దమనసు చేసుకుంటే సాయంత్రానికి ఈ కుర్చీలో ఇంకో చిన్నమనసు కూర్చుంటుంది."

"మరి ఇవాళ మొత్తం ఎలా కట్టమంటారు? ఇల్లు అమ్ముకుందామన్నా ఇల్లు మాది కాదు."

"కట్టక్కర్లేదమ్మా." అతను కళ్లు దించుకున్నాడు. "అది సర్దుకుంది. అదే ఇంటి నుంచి ఇంకొకరు ఉద్యోగంలో చేరితే వాయిదాల పథకం ఆగదు. గంట క్రితం చేరారు."

"ఎవరు?"

అడుగుతూనే ఆమెకి తెలిసిపోయింది.

వాషింగ్ మెషిన్ల వరుసలో, చివరిదాని పక్కన, చిట్టి నిలబడి ఉంది. తండ్రి నీలం చొక్కా వేసుకుంది. చేతులు మూడు మడతలు పెట్టినా మణికట్టు దాటుతున్నాయి.

నర్సమ్మ దాదాపు పరుగెత్తింది.

"విప్పు. విప్పి ఇంటికి పద."

"మెల్లగా మాట్లాడమ్మా. కెమెరా ఉంది."

"కాలేజీకి పొమ్మన్నాను కదే!"

"వెళ్తుంటే నాన్న ఫోన్ చేశాడు. ఏడుస్తున్నాడమ్మా. నాన్న ఏడవడం ఎప్పుడైనా విన్నావా నువ్వు? వచ్చి చూస్తే ఇదీ సంగతి. ఇది విప్పితే మొత్తం ఇవాళే కట్టాలట. ఉందా నీ దగ్గర?"

నర్సమ్మ చెయ్యి సంచీ మీదికి పోయి ఆగింది.

"నీ మాట దాటలేదు. నా పేరు మీద అప్పు పెట్టలేదు," అంది చిట్టి. "ఉద్యోగమేగా. తాతయ్యకి చెప్పకు, పాపం."

గోడ మీద బోర్డులో తండ్రి ఫొటో అప్పుడే తీసేసినట్టున్నారు, చోటు తెల్లగా కనిపిస్తోంది. కింద అంకెలు అలాగే ఉన్నాయి. నలభైకి ముప్ఫై తొమ్మిది.

"అవి ఆయనవి కదా," నర్సమ్మ వెనక్కి తిరిగి మేనేజర్ని అడిగింది. "ఇది ఇవాళ చేరిన పిల్ల."

"అంకె మనిషిది కాదమ్మా, స్థానానిది. మనిషి మారినా అది మారదు." అతను వాచీ చూసుకున్నాడు. "ఎనిమిదిలోగా ఒక్కటి అమ్మితే చాలు. లేకపోతే ఈ పాప ఉద్యోగం కూడా..." పూర్తి చేయలేదు. పూర్తి చేయాల్సిన అవసరం కూడా లేదు.

అద్దాల తలుపు తెరుచుకుంది. ఒక జంట లోపలికి వచ్చింది. అతను ముందు, ఆమె వెనక. తిన్నగా వాషింగ్ మెషిన్ల దగ్గరికే వచ్చారు.

"రండి మేడమ్," అంది చిట్టి. గొంతు మొదట్లో కొంచెం వణికి, కుదుటపడింది. "మీ ఇంట్లో ఎంతమందండీ? పిల్లలున్నారా? అయితే ఇది చూడండి. స్కూలు బట్టల మీద ఇంకు మరక ఉన్నా వదిలిస్తుంది."

ఎక్కడ నేర్చుకుందో! అనుకుంది నర్సమ్మ. ఎక్కడో కాదు. నిలబడి అన్నం తింటూ, వాళ్ల నాన్న రోజూ అప్పజెప్పుకునే మాటలవి.

ఆవిడ తలుపు తీసి చూసింది, మూసింది, మళ్లీ తీసింది. "ఇదే కావాలండీ. బూడిద రంగు. చాలా బాగుంది."

చిట్టి తల్లి వైపు చూసింది. కళ్లల్లో వెలుగు.

"ఒక్క నిమిషం," అన్నాడు మొగుడు. టీవీల వైపు నాలుగడుగులు నడిచి, ఫోన్ తీశాడు.

నర్సమ్మ సంచీలో ఫోన్ మోగింది.

ఆమె గబగబా గోడ వైపు తిరిగింది. యాభై జలపాతాలు ముఖం మీద పడుతున్నాయి. ఫోన్ తీసి, చీర చెంగు అడ్డం పెట్టుకుంది.

"పొద్దున్న మాట్లాడానండీ. మా ఆవిడకి నచ్చింది. ఇప్పుడే డబ్బు పంపించేస్తాను. అడ్రసు చెప్పండి."

ఆ గొంతు ఒక చెవిలో ఫోన్‌లోంచి, ఇంకో చెవిలో పదడుగుల దూరం నుంచి వినిపిస్తోంది. అవునంటే అయిదో తారీఖు వాయిదా గట్టెక్కుతుంది. కాదంటే వీళ్లు ఇక్కడే కొంటారు. నలభై నిండుతుంది. పిల్ల పేరు మిగులుతుంది.

"లేదండీ," అంది. "అయిపోయింది. ఇందాకే వేరేవాళ్లు పట్టుకెళ్లారు."

"అయ్యో! ఒక్క పూట ఆగలేకపోయారా?"

"ఏం చేయమంటారండీ. ముందొచ్చినవాళ్లకి ఇచ్చేశాం."

ఫోన్ కట్ అయింది. ఆమె వెనక్కి తిరగకుండా నిలబడింది.

"అక్కడ అయిపోయిందట," అన్నాడు అతను పెళ్లాంతో.

"అయితే ఇక్కడే తీసుకుందామా?"

"ఈ రేటుకా? పిచ్చా నీకు? పాతది ఇంకో ఏడాది లాగదూ?"

"లాగుతుందనుకోండి..."

"పద, పద."

తలుపు తెరుచుకుంది, మూసుకుంది. ఎండ ఒక్క క్షణం లోపలికొచ్చి పోయింది.

చిట్టి ముఖం మీద నవ్వు అలాగే ఉంది. కొనేవాళ్లు వెళ్లిపోయాక దాన్ని తీసేయొచ్చని ఆ పిల్లకి ఇంకా ఎవరూ నేర్పలేదు.

"ఇంకా టైముందిలే," అంది నర్సమ్మ. "ఎవరో ఒకరు వస్తారు."

అయిదయింది. ఒక ముసలాయన వచ్చి బ్యాటరీలు అడిగి వెళ్లాడు. ఆరయింది. ఇద్దరు కాలేజీ కుర్రాళ్లు చలిలో కాసేపు నిలబడి పోదామని వచ్చి, నిలబడి, పోయారు. నర్సమ్మ ల్యాబ్‌కి ఫోన్ చేసి రానని చెప్పింది. గోడౌన్ తలుపు దాకా వెళ్లి పిలిచింది. లోపల ఎవరో కదిలిన చప్పుడైంది గాని తలుపు తెరుచుకోలేదు.

ఏడుంబావుకి మేనేజరు తన గదిలోంచి వచ్చాడు. చేతిలో కొత్త అప్పు ఫారం. ఏమీ అనకుండా దాన్ని వాషింగ్ మెషిన్ మీద పెట్టాడు. దాని మీద పెన్ను పెట్టాడు. వెళ్లిపోయాడు.

చిట్టి ఫారం వైపు చూసింది. తర్వాత తల్లి వైపు చూసింది. ఇప్పుడు ముఖం మీద నవ్వు లేదు.

"అమ్మా, నువ్వు కాసేపు బయట నిలబడవా?"

పసిపిల్లకి రక్తం తీసేముందు, రోజూ ఏదో ఒక తల్లికి నర్సమ్మ చెప్పే మాట అది. ఎందుకు చెబుతుందో కూడా ఆమెకి తెలుసు. తల్లి చూస్తుంటే పిల్ల చెయ్యి లాగేసుకుంటుంది.

అలా చెప్పినప్పుడు బయటికి వెళ్లని తల్లిని ఆమె ఇంతవరకు చూడలేదు.

చిట్టి చొక్కా మడత పైకి లాక్కుని, పెన్ను అందుకుంది.